ఎంటర్ కొట్టే ముందే వెనక్కి వచ్చే దారి వేసుకోండి

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మాదాపూర్‌లో ఒక ఆఫీసులో, ఒక కస్టమర్ అడ్రస్ మార్చబోయి టేబుల్‌లో ఉన్న అందరి అడ్రస్సులూ మార్చేశాను. క్వెరీ (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం) సరిగ్గానే రాశాను, ఏ వరసలు మార్చాలో చెప్పే వేర్ కండిషన్ కింది లైన్లో ఉంది, కానీ రన్ చేసేటప్పుడు మౌస్‌తో పై లైన్లు మాత్రమే సెలెక్ట్ అయ్యాయి, టూల్ సెలెక్ట్ చేసినంత వరకే రన్ చేసింది. నలభై వేల పైచిలుకు వరసలు మారాయని స్క్రీన్ మీద కనపడగానే ఒళ్ళంతా చల్లబడిపోయింది. అది టెస్ట్ డేటాబేస్ కాదు, ప్రొడక్షన్, అంటే కస్టమర్లు నిజంగా వాడేది. మా టీమ్‌లో సీనియర్ ఒకావిడ ఉండేది, అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. నన్ను ఒక్క మాట అనకుండా పక్కన కూర్చుని, ముందురోజు రాత్రి బ్యాకప్‌ని వేరే సర్వర్ మీదికి ఎక్కించి, ఆ కాలమ్ ఒక్కటీ అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చి సరిచేసేసరికి రాత్రి రెండు దాటింది. ఆ రోజు పొద్దుటి నుంచి అడ్రస్ మార్చుకున్నవాళ్ళవి మాత్రం లాగ్‌లలో వెతికి ఒక్కొక్కటిగా దిద్దాం. ఇంటికి బయల్దేరేటప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే. "ఎంటర్ కొట్టే ముందు, ఇది తప్పయితే వెనక్కి ఎలా రావాలో అనుకున్నావా?"

అనుకోలేదు. అప్పటిదాకా అలా అనుకోవాలని కూడా నాకు తెలీదు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జావా, పైథాన్, డెవాప్స్, ఏ కోర్సు కావాలన్నా దొరుకుతుంది. అక్కడ నేర్చుకుని వచ్చినవాళ్ళలో చాలామంది నాకన్నా వేగంగా కోడ్ రాస్తారు, అందులో నాకేం అనుమానం లేదు. కానీ చేసిన పనిని వెనక్కి తీసుకోవడం ఎలాగో మాత్రం ఎక్కడా విడిగా చెప్పరు, ఏదో ఒక రాత్రి దెబ్బ తిని నేర్చుకుంటారులే అన్నట్టు వదిలేస్తారు. కొత్తగా చేరినవాళ్ళు అలా నేర్చుకోనక్కర్లేదు. నేను రోజూ పాటించేవి, వాటికి వాడే టూల్స్ ఇక్కడ చెబుతున్నాను. దాదాపు అన్నీ ఉచితంగా దొరికేవే.

ముందు గిట్

కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రని దాచిపెట్టే టూల్ గిట్. దాన్ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం రాశాడు, అప్పటిదాకా వాళ్ళు వాడుతున్న అలాంటి టూల్ బిట్‌కీపర్‌ని ఉచితంగా వాడుకునే వీలు పోయింది కాబట్టి. మనలో ఎక్కువమందికి అది కోడ్‌ని సర్వర్‌కి పంపే సాధనంగానే తెలుసు. యాడ్ (మార్పుల్ని ఎంచుకోవడం), కమిట్ (వాటిని చరిత్రలో భద్రపరచడం), పుష్ (సర్వర్‌కి పంపడం), అంతే. కానీ నా దృష్టిలో గిట్‌లో అన్నిటికన్నా విలువైన సంగతి ఏమిటంటే, ఒకసారి కమిట్ చేసింది అంత తేలిగ్గా పోదు. బ్రాంచ్ (విడిగా సాగే కమిట్ల వరస) డిలీట్ చేసినా, రీసెట్ హార్డ్ (వేరే కమిట్‌కి లాగేసేది) కొట్టినా, రీబేస్ (కమిట్లని తిరిగి పేర్చడం) మధ్యలో అంతా చిక్కుపడిపోయినా, పాత కమిట్లు మీ మెషీన్‌లో అలాగే ఉంటాయి. గిట్ రీఫ్లాగ్ అని కొట్టండి, మీ హెడ్, అంటే మీరు ఏ కమిట్ మీద ఉన్నారో చూపే గుర్తు, ఏ పని తర్వాత ఎక్కడికి జరిగిందో వరసగా కనిపిస్తుంది. మామూలు సెట్టింగుల్లో ఆ చిట్టా 90 రోజులు ఉంటుంది, ఇప్పుడున్న బ్రాంచ్ నుంచి అందని కమిట్లకైతే 30 రోజులు.

మొన్నామధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి "అన్నా, మూడు రోజుల పని పోయింది" అని వచ్చాడు, మొహంలో రక్తం లేదు. తప్పు కమిట్‌కి రీసెట్ హార్డ్ కొట్టాడు. రీఫ్లాగ్ తెరిచి, రీసెట్ అని రాసి ఉన్న లైన్‌కి సరిగ్గా కింద ఉన్న లైన్‌లోని హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు కోడ్) కాపీ చేసుకుని, ఆ హ్యాష్ మీద ఒక కొత్త బ్రాంచ్ తీశాం. అంతా వచ్చేసింది, రెండు నిమిషాల పని. మీకూ ఇలా జరిగితే కంగారులో మళ్ళీ ఇంకో రీసెట్ కొట్టకండి. కొత్త బ్రాంచ్ తీస్తే ఉన్నది చెడదు, ముందు అందులోకి వెళ్ళి మీ పని ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాత ఏం చెయ్యాలో నిర్ణయించుకోవచ్చు.

అయితే కమిట్ చెయ్యనిది రీఫ్లాగ్‌లో ఉండదు. కమిట్ చెయ్యకపోయినా కనీసం యాడ్ చేసి ఉంటే, గిట్ ఎఫ్ఎస్‌సీకే కమాండ్‌ని లాస్ట్ ఫౌండ్ ఆప్షన్‌తో కొట్టి ఫైల్ పేర్లు లేకుండా లోపలి కోడ్ వరకు రాబట్టుకోవచ్చు, అది కొంచెం ఓపిక పట్టే పని. యాడ్ కూడా చెయ్యకపోతే ఇక గిట్ ఏమీ చెయ్యలేదు, ఎడిటర్‌ని అడగాలి. వీఎస్ కోడ్‌లో టైమ్‌లైన్, ఇంటెలిజేలో లోకల్ హిస్టరీ అని ఉంటాయి, అవి ఎక్కడున్నాయో ఈరోజే ఒకసారి తెరిచి చూసి పెట్టుకోండి, అవసరం పడిన రోజు టెన్షన్‌లో వెతుక్కోవడం కష్టం.

అందుకే నేను చెప్పే మొదటి అలవాటు చాలా చిన్నది. కోడ్ కాస్త పనిచేసిన ప్రతిసారీ కమిట్ చెయ్యండి. భోజనానికి లేచే ముందు, మీటింగ్‌కి వెళ్ళే ముందు, ఏదైనా పెద్ద మార్పు మొదలుపెట్టే ముందు, సగంలో ఉన్నా సరే "సగం పని" అని రాసి కమిట్ చెయ్యండి. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు మీ సొంత బ్రాంచ్‌కి పుష్ చెయ్యండి, లాప్‌టాప్ మెట్రోలో మర్చిపోయినా, వానలో తడిసిపోయినా పని మిగులుతుంది. చరిత్ర గజిబిజిగా ఉంటుందని భయపడకండి, మీ బ్రాంచ్ ఇంకా ఎవరూ తీసుకోనంత వరకు ఇంటరాక్టివ్ రీబేస్‌తో ఆ ముక్కలన్నీ కలిపి, శుభ్రమైన రెండు మూడు కమిట్లుగా చేసి రివ్యూకి ఇవ్వొచ్చు.

కమిట్ మెసేజ్ గురించి ఒక మాట. "బగ్ ఫిక్స్" అని రాస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు. ఏం మార్చారో కోడ్‌లో కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకు మార్చారో మాత్రం మీరు రాస్తేనే తెలుస్తుంది. నేనైతే ఇలా రాస్తాను: "రాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5:30 మధ్య వచ్చిన ఆర్డర్లకి ముందురోజు తేదీ పడుతోంది, సర్వర్ యూటీసీ టైమ్‌లో ఉంది కాబట్టి. తేదీ తీసే ముందు మన టైమ్‌కి మారుస్తున్నాను." మన టైమ్ యూటీసీకి అయిదున్నర గంటలు ముందుంటుందన్న విషయం దగ్గర హైదరాబాద్‌లో పనిచేసే ప్రతి టీమూ ఒకసారైనా తట్టుకుని పడుతుంది. ఆ మెసేజ్ చదివినవాళ్ళు రెండోసారి పడరు, పైగా "ఈ మార్పు ఎందుకో, తీసేద్దాం" అని మీ కోడ్‌ని తీసెయ్యరు కూడా.

చిన్న కమిట్ల వల్ల ఇంకో లాభం ఉంది, బైసెక్ట్. పోయిన నెల పనిచేసింది ఈ నెల పనిచెయ్యట్లేదు, మధ్యలో వెయ్యి కమిట్లు పడ్డాయి, ఎవరి మార్పు వల్లో తెలీదు అనుకోండి. గిట్ బైసెక్ట్ స్టార్ట్ అని కొట్టి, ఇప్పటిది బ్యాడ్ అని, పనిచేసిన పాతది గుడ్ అని చెబితే, అది సరిగ్గా మధ్య కమిట్‌కి తీసుకెళ్ళి ఆపుతుంది. మీరు టెస్ట్ చేసి గుడ్ లేదా బ్యాడ్ అనాలి, అది మళ్ళీ మిగిలిన దాంట్లో సగానికి వెళుతుంది. వెయ్యి కమిట్లయినా పది సార్లలో తేలిపోతుంది. తప్పుని పట్టే చిన్న స్క్రిప్ట్ ఉంటే బైసెక్ట్ రన్‌కి అది ఇచ్చేసి టీ తాగి రండి, వచ్చేసరికి కమిట్ దొరికి ఉంటుంది. కానీ దొరికిన కమిట్‌లో నలభై ఫైళ్ళు ఒకేసారి మారి ఉంటే ఏం లాభం, అందుకే ఒక కమిట్‌లో ఒకే పని అని అంతగా చెబుతున్నాను.

అందరూ వాడే బ్రాంచ్‌లో తప్పు వెళ్ళిపోతే రీసెట్ వాడకండి, రివర్ట్ వాడండి. రివర్ట్ పాత చరిత్రని చెరపదు, ఆ మార్పుకి సరిగ్గా తిరగేసిన మార్పుని కొత్త కమిట్‌గా పైన పెడుతుంది, మిగతావాళ్ళ పని ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇక ఫోర్స్ పుష్ (సర్వర్‌లో ఉన్న చరిత్ర మీద మీది బలవంతంగా రాయడం) తప్పదనుకుంటే ఫోర్స్ విత్ లీజ్ వాడండి, మీరు చివరిసారి చూసిన తర్వాత వేరేవాళ్ళు ఏదైనా పుష్ చేసి ఉంటే అది ఆగిపోతుంది. చాలా ఎడిటర్లు వెనకాల వాటంతటవే ఫెచ్ చేస్తుంటాయి (సర్వర్‌లోని కొత్త కమిట్లు తెచ్చుకుంటాయి), అలాంటప్పుడు మీరు చూడకపోయినా చూసినట్టే లెక్క అయిపోయి ఆ రక్షణ పోతుంది, కాబట్టి కొట్టే ముందు రిమోట్ బ్రాంచ్ లాగ్ ఒకసారి కళ్ళతో చూడండి.

డేటాబేస్ దగ్గర

కోడ్‌కి గిట్ ఉంది. డేటాకి అలాంటిది ఏమీ ఉండదు, మనమే కల్పించుకోవాలి.

ప్రొడక్షన్‌లో చేత్తో ఏదైనా మార్చాల్సి వస్తే, అసలు రాకుండా చూసుకోవడమే మంచిది కానీ వస్తుంది, నేను చేసే వరస ఇది. ముందు అదే వేర్ కండిషన్‌తో సెలెక్ట్ (మార్చకుండా చూపించే క్వెరీ) రాసి, ఎన్ని వరసలు వస్తున్నాయో లెక్క చూసి కాగితం మీద రాసుకుంటాను. మార్చబోయే వరసల్ని పక్కన ఒక టేబుల్‌లోకి కాపీ చేస్తాను. తర్వాత బిగిన్ అని ట్రాన్సాక్షన్ (కమిట్ అనేదాకా ఖాయం కాని మార్పుల గుంపు) మొదలుపెట్టి, అప్‌డేట్ రన్ చేసి, ఎన్ని వరసలు మారాయని చెప్పిందో కాగితం మీద అంకెతో పోలుస్తాను. సరిపోతే కమిట్, ఒక్కటి తేడా వచ్చినా రోల్‌బ్యాక్ (అంతా రద్దు), ఎందుకు తేడా వచ్చిందో తర్వాత ఆలోచించొచ్చు. బిగిన్ కొట్టి అలా వదిలేసి లేచిపోకండి, ఆ వరసలు లాక్ అయి ఉంటాయి, అవతల కస్టమర్ స్క్రీన్ తిరుగుతూ ఉంటుంది.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టేబుల్ ఆల్టర్ చేసినా (నిర్మాణం మార్చినా), డ్రాప్ చేసినా (తీసేసినా) ట్రాన్సాక్షన్ లోపల ఉంటే రోల్‌బ్యాక్ అవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో అవ్వదు, ఆల్టర్ కొట్టగానే అంతవరకు చేసింది కూడా దానంతటదే కమిట్ అయిపోతుంది. ఈ రెండూ మారుస్తూ పనిచేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

మైఎస్‌క్యూఎల్‌లో సేఫ్ అప్‌డేట్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. కీ కాలమ్ మీద వేర్ కండిషన్ గానీ, లిమిట్ గానీ లేకుండా అప్‌డేట్, డిలీట్ కొడితే ఒప్పుకోదు. మైఎస్‌క్యూఎల్ వాడే టూల్ వర్క్‌బెంచ్‌లో అది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, 1175 అనే ఎర్రర్ వచ్చేది దానివల్లే. ఆ ఎర్రర్ విసుగు పుట్టించి చాలామంది నెట్‌లో వెతికి దాన్ని ఆఫ్ చేసేస్తారు. నేనూ అలాగే చేశాను, ఆ అడ్రస్సుల రాత్రికి నెల ముందు. దయచేసి ఆఫ్ చెయ్యకండి.

ఇంకా సులువైనది, ప్రొడక్షన్‌కి మీ రోజువారీ లాగిన్ చదవడానికి మాత్రమే పనికొచ్చేలా పెట్టమని అడగండి, మార్చే హక్కు ఉన్న లాగిన్ వేరేగా ఉండాలి, దాని విండో రంగు ఎర్రగా ఉండాలి. డీబీవర్ అనే డేటాబేస్ టూల్‌లో కనెక్షన్‌కి రంగు పెట్టుకోవచ్చు, టెర్మినల్‌లో అయితే ప్రాంప్ట్ రంగు మార్చుకోవచ్చు. రంగుతో ఏమవుతుందని తేలిగ్గా తీసుకోకండి. 2017 జనవరి 31 రాత్రి, కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో డేటా డైరెక్టరీ తీసేశాడు, ఒకటి రెండు సెకన్లలో గమనించి ఆపేసరికే దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది.

ఆ సంఘటనలో నన్ను ఎక్కువ కదిలించింది డిలీట్ కాదు, బ్యాకప్‌ల సంగతి. రోజూ బ్యాకప్ తీసే పీజీ డంప్ అనే పోస్ట్‌గ్రెస్ టూల్ పాత 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6, అందుకని అది ఎర్రర్ వచ్చి ఆగిపోతూ ఉంది, ఆ ఎర్రర్ మెయిళ్ళు కూడా రిజెక్ట్ అయిపోయి ఎవరికీ చేరలేదు, బ్యాకప్‌లు ఉండాల్సిన బకెట్ (క్లౌడ్‌లోని నిల్వ చోటు) తెరిచి చూస్తే ఖాళీ. చివరికి ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) వాళ్ళని ఆదుకుంది, మధ్యలో ఆరు గంటల డేటా పోయింది. వాళ్ళు జరిగిందంతా దాచకుండా ప్రపంచానికి చెప్పారు, అందుకే మనం నేర్చుకోగలుగుతున్నాం.

కాబట్టి బ్యాకప్ జాబ్ పచ్చగా కనిపిస్తోంది కదా అని ఊరుకోకండి. నెలకోసారి ఒక ఖాళీ మెషీన్ మీద బ్యాకప్‌ని నిజంగా ఎక్కించండి. ముఖ్యమైన టేబుళ్ళలో వరసల లెక్క చూడండి, చివరి ఆర్డర్ తేదీ చూడండి, మొత్తం ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి పెట్టండి. మేనేజర్ "ఎంతసేపట్లో సైట్ వస్తుంది" అని అడిగినప్పుడు మీ దగ్గరున్న నిజమైన జవాబు ఆ అంకె ఒక్కటే. ఈ పని ఏ స్ప్రింట్‌లోనూ ఎవరూ పెట్టరు, మీరే టికెట్ వేసుకోండి.

వాన పడితే

జూన్ నుంచి అక్టోబర్ దాకా ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి టీమక్స్ అనే టూల్ తప్పనిసరి. కూకట్‌పల్లిలో మా వీధిలో గట్టిగా వాన పడితే కరెంటు పోతుంది, దాంతోపాటు వైఫై పోతుంది, సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెగుతుంది, అందులో నడుస్తున్న స్క్రిప్ట్ సగంలో చచ్చిపోతుంది. లక్షల వరసలు మార్చే మైగ్రేషన్ సగంలో ఆగితే ఎంత అయింది, ఎంత మిగిలింది అని వెతకడం నరకం.

టీమక్స్ వాడండి. సర్వర్‌లోకి వెళ్ళగానే టీమక్స్ సెషన్ ఒకటి పేరు పెట్టి మొదలుపెట్టి, పని అందులో నడపండి. కనెక్షన్ తెగినా సర్వర్ మీద ఆ పని నడుస్తూనే ఉంటుంది, కరెంటు వచ్చాక మళ్ళీ లాగిన్ అయి టీమక్స్ అటాచ్ కొడితే ఎక్కడ వదిలారో అక్కడే కనిపిస్తుంది. మీరే బయటికి రావాలంటే కంట్రోల్ బి కొట్టి, వదిలి, డి నొక్కాలి. స్క్రీన్ అనే పాత టూల్ ఉన్నా సరే, పని అదే.

దీనితోపాటు స్క్రిప్ట్‌ని కూడా వెయ్యి వెయ్యి వరసల చొప్పున చేసేలా, ఎంతవరకు వచ్చిందో రాసుకునేలా, రెండోసారి రన్ చేసినా అయిపోయినవాటిని మళ్ళీ ముట్టుకోకుండా ఉండేలా రాయండి. అప్పుడు మధ్యలో సర్వరే ఆగిపోయినా, మళ్ళీ అదే కమాండ్ కొడితే చాలు.

డిప్లాయ్ చేసేటప్పుడు

కొత్త కోడ్‌ని సర్వర్ల మీదికి పంపేటప్పుడు, వెనక్కి వెళ్ళడం కూడా ముందే చేసి చూడాలి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీ 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్ల పైన పోగొట్టుకుంది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వెళ్ళింది, ఎనిమిదో దాంట్లో ఏళ్ళ నాటి వాడని కోడ్ ఉండిపోయింది, పైగా ఆ పాత కోడ్‌ని నడిపించే ఫ్లాగ్‌నే (ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటిది) కొత్త పనికి మళ్ళీ వాడారు. గొడవ మొదలయ్యాక వాళ్ళు ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు, దాంతో పాత కోడ్ అన్ని సర్వర్లలోనూ లేచింది, నష్టం ఇంకా పెరిగింది. వెనక్కి వెళ్ళామనుకున్నారు, కానీ ఫ్లాగ్ వెనక్కి వెళ్ళలేదు.

దీన్నుంచి నేను తీసుకున్నవి చెబుతాను. వాడని కోడ్‌ని ఉంచకండి, గిట్‌లో ఎలాగూ ఉంటుంది. పాత ఫ్లాగ్ పేరు మళ్ళీ వాడకండి. అన్ని సర్వర్లలో ఏ వెర్షన్ నడుస్తోందో ఒక్క చోట కనిపించేలా చిన్న పేజీ పెట్టుకోండి. డేటాబేస్‌లో కాలమ్ పేరు మార్చాలంటే ఒక్కసారే మార్చకండి. ముందు కొత్త కాలమ్ చేర్చి డిప్లాయ్ చెయ్యండి, తర్వాత రెండింట్లోనూ రాసేలా కోడ్ మార్చండి, పాత డేటాని కొత్తదాంట్లోకి నింపండి, చదవడం కొత్తదానికి మార్చండి, కొన్ని వారాలు చూసి ఆ తర్వాతే పాత కాలమ్ తీసెయ్యండి. నాలుగైదు డిప్లాయ్‌లు పడుతుంది, విసుగే, కానీ ఆ వరసలో పాత కాలమ్ తీసేసే ఆఖరి మెట్టు దాకా ఎక్కడ ఆగినా ఒక అడుగు వెనక్కి వేస్తే సైట్ పనిచేస్తుంది.

సంక్రాంతికి ముందు పెద్ద మార్పు పంపకండి. టీమ్‌లో సగం మంది విజయవాడ హైవే మీద ట్రాఫిక్‌లో ఉంటారు, ఆ మాడ్యూల్ తెలిసిన ఒక్క మనిషీ సిగ్నల్ లేని ఊళ్ళో ఉంటాడు.

దారే లేనివి

కొన్నిటికి వెనక్కి దారి ఉండదు. వెళ్ళిపోయిన ఎస్ఎంఎస్ వెనక్కి రాదు. పబ్లిక్ రిపోలో (అందరికీ కనిపించే గిట్ కోడ్ నిల్వలో) పడిన పాస్‌వర్డ్ లేదా కీ అంతే, తర్వాతి కమిట్‌లో ఆ లైన్ తీసేసినా పాత కమిట్‌లో ఉంటుంది, చరిత్ర మొత్తం తిరగరాసినా అప్పటికే ఎవరైనా కాపీ చేసుకుని ఉండొచ్చు. అలా జరిగితే ముందు చెయ్యాల్సింది గిట్‌లో చెరపడం కాదు, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం, తర్వాత మీ లీడ్‌కి చెప్పడం. తిడతారేమోనని గంట ఆలస్యం చెయ్యకండి, ఆ గంటే ముఖ్యం. జరగకుండా ఉండాలంటే కీలన్నీ ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో పెట్టి, ఆ ఫైల్ పేరు మొదటి రోజే గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ జాబితాలో) రాసి, గిట్‌లీక్స్ లాంటి టూల్‌ని ప్రీ కమిట్ హుక్‌గా (కమిట్‌కి ముందు దానంతటదే నడిచేలా) పెట్టుకోండి, కీలాంటిది కనిపిస్తే కమిట్‌నే ఆపేస్తుంది.

మెసేజ్‌లు పంపే, డబ్బు కదిలించే, డేటా తీసేసే స్క్రిప్టులన్నీ మామూలుగా నడిపితే ఏమీ చెయ్యకుండా, ఏం చేయబోతోందో మాత్రం చూపించేలా రాయండి. దీన్ని డ్రై రన్ అంటారు. నిజంగా చెయ్యాలంటే విడిగా ఒక ఆప్షన్ ఇవ్వాలి. మా అక్క రాసిన స్క్రిప్టుల్లో ఇంకొకటి ఉండేది, అవునా కాదా అని అడిగేది కాదు, ఎందుకంటే అవును అని చెయ్యి అలవాటుగా కొట్టేస్తుంది. డేటాబేస్ పేరు, మారబోయే వరసల సంఖ్య మనమే టైప్ చెయ్యాలి, రెండూ సరిపోతేనే ముందుకు కదిలేది. ఆ అడ్రస్సుల రాత్రి తర్వాత ఆవిడ స్క్రిప్టులోంచి ఆ పది లైన్లూ కాపీ చేసుకున్నాను, అప్పటినుంచి నేను రాసే ప్రతి స్క్రిప్ట్‌లోనూ మొదట అవే ఉంటాయి.